ఈవీ టెక్నీషియన్ కోర్సు: మొదటి రోజు క్లాసులో వినిపించే అపోహలు

అమెరికాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో ఆటోమోటివ్ క్లాసులు చెబుతాను. ఈవీ (ఎలక్ట్రిక్ బండి) బ్యాచ్ మొదలైన ప్రతిసారీ ఇవే మాటలు.

అపోహ: ఇంజినీరింగ్ డిగ్రీ ఉంటేనే ఈవీ రిపేరు వస్తుంది.

అక్కర్లేదు. ఓమ్ సూత్రం అర్థమై, వైరింగ్ డయాగ్రామ్ చదవడం వచ్చి, మీటర్ ప్రోబ్ ఎక్కడ పెట్టాలో తెలిస్తే సగం పని వచ్చినట్టే. మా దగ్గర రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ ఉంది, అంతకంటే తక్కువ కాలంలో అయిపోయే సర్టిఫికెట్లూ ఉన్నాయి. టెస్లా తన ‘స్టార్ట్’ శిక్షణను కమ్యూనిటీ కాలేజీలతో కలిసి నడిపింది. హైబ్రిడ్, ఈవీ పనికి మెకానిక్కులకు సర్టిఫికెట్లిచ్చే ఏఎస్‌ఈ సంస్థ వాళ్ల ఎల్3 పరీక్ష వేరే ఉంది.

అపోహ: సర్వీస్ ప్లగ్ (పెద్ద బ్యాటరీ కరెంటు దారిని తెంపే ప్లగ్) పీకేస్తే కరెంటు పోయినట్టే.

ప్రాణం తీసే అపోహ ఇది. చాలా బళ్లలో బ్యాటరీ ప్యాక్ 400 వోల్టుల తరహా, కొన్నింటిలో 800. ప్లగ్ తీసినా, బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే ఇన్వర్టర్‌లోని కెపాసిటర్లలో ఛార్జ్ మిగిలి ఉంటుంది. అది దిగేదాకా మాన్యువల్‌లో రాసినన్ని నిమిషాలు ఆగాల్సిందే. ఆగాక కూడా నమ్మొద్దు. మీటర్‌ను ముందు తెలిసిన వోల్టేజ్ మీద పెట్టి చూడాలి, తర్వాత హైవోల్టేజ్ టెర్మినళ్ల మీద, మళ్లీ తెలిసిన వోల్టేజ్ మీద. “మూడోసారి ఎందుకు సార్?” అంటారు. మధ్యలో ప్రోబ్ వైరు తెగి ఉంటే మీటర్ చూపించిన సున్నా అబద్ధమే కదా! ఇక ప్యాక్ మూత తీశాక లోపలి సెల్స్‌ను ఆపే స్విచ్ అంటూ ఏదీ లేదు.

రబ్బరు గ్లౌజులు క్లాస్ 0వి, 1000 వోల్టుల ఏసీ కరెంటు దాకా. ఆరు నెలలకోసారి వాటిని టెస్టుకు పంపాలి, పైన తోలు గ్లౌజులు తొడగాలి. వాడే ప్రతిసారీ అంచు చుట్టి గాలి బంధించి చూడాలి. ఒక కుర్రాడు “కొత్తవే కదా సార్” అని తొడుక్కోబోయాడు. చుట్టి చెంప దగ్గర పెట్టుకోమన్నాను. బొటనవేలి మొదట్లోంచి సన్నగా గాలి తగిలింది. ఆ జత అక్కడే కత్తిరించి పారేశాం.

అపోహ: స్కానర్ పెడితే అదే చెప్పేస్తుంది.

స్కానర్‌లో పీ0ఏఏ6 అనే లోపం కోడ్ వచ్చిందనుకోండి. హైవోల్టేజ్ ఎక్కడో బాడీకి లీకవుతోందని దాని అర్థం. 12 వోల్టుల సర్క్యూట్‌లో నెగెటివ్ బాడీకే కలిసి ఉంటుంది, హైవోల్టేజ్‌లో రెండు వైర్లూ బాడీకి తగలకూడదు. ఎక్కడ తగిలిందో కోడ్ చెప్పదు. కంప్రెసర్, హీటర్, మోటార్ ఒక్కొక్కటే విడదీసి ఇన్సులేషన్ టెస్టర్‌తో కొలుచుకుంటూ పోవాలి. దొంగ ఒక్కోసారి ఏసీ కంప్రెసర్లో దొరుకుతాడు: పీఓఈ నూనె పోయాల్సిన చోట ఎవరో మామూలు బళ్ల పీఏజీ నూనె పోసి ఉంటారు. ఆ నూనె కరెంటును సరిగా ఆపలేదు.

అపోహ: బండి లేవలేదంటే పెద్ద బ్యాటరీ పోయినట్టే.

ముందు 12 వోల్టుల చిన్న బ్యాటరీ చూడండి. పెద్ద బ్యాటరీని బండికి కలిపే కాంటాక్టర్లు (పెద్ద స్విచ్‌లు) మూసుకోవాలన్నా, కంప్యూటర్లు లేవాలన్నా దాని కరెంటే కావాలి. అది చస్తే ప్యాక్ నిండా ఛార్జ్ ఉన్నా బండి కదలదు.

అపోహ: ఈవీలొస్తే మెకానిక్కులకు పని ఉండదు.

ఆయిల్ మార్చే పని పోతుంది, నిజమే. టైర్లు, సస్పెన్షన్, కూలెంట్, ఏసీ ఎక్కడికీ పోవు. బ్రేకుల సంగతైతే తమాషా: మోటారే బండిని నెమ్మది చేస్తుంది కాబట్టి ప్యాడ్లు అంతగా అరగవు, కానీ వాడకం తగ్గి డిస్కులు తుప్పు పడతాయి, పిన్నులు బిగుసుకుంటాయి.

అపోహ: ఇంజిన్ల మీద పనిచేసిన పెద్దవాళ్లు ఇది నేర్చుకోలేరు.

ఇరవై ఏళ్లు షెడ్డులో పనిచేసిన ఒకాయన మొదటి వారమంతా నారింజ రంగు హైవోల్టేజ్ కేబుల్ దగ్గరికి రాగానే చేతులు వెనక్కి కట్టుకునేవారు. టెస్ట్ డ్రైవ్‌లో సన్నటి మూలుగు వినిపిస్తే కుర్రాళ్లంతా మోటారే అన్నారు. ఆయన మాత్రం కళ్లు మూసుకుని విని, “కాదు, ముందు ఎడమ చక్రం బేరింగ్” అన్నారు. లిఫ్ట్ మీదికెక్కించి ఆ చక్రం తిప్పితే గరగరమంది.