మా వీధిలో ఒక ఏడాది: చెత్త, ఎరువు, వాన నీటి గురించి అపోహలు – వాస్తవాలు

అపార్ట్‌మెంట్లలోనూ కాలనీలలోనూ తడి చెత్తను ఎరువుగా మార్చే ఏర్పాట్లు చేయించడం, అవి ఆగిపోకుండా చూడడం నా వృత్తి. ఇతరులకు చెప్పే పద్ధతులు మా ఇంట్లోను, హైదరాబాద్‌ నేరేడ్‌మెట్‌లో మేముండే వీధిలోని 24 ఇళ్లలోను ఎంతవరకు నిలుస్తాయో తెలుసుకోవాలని, పోయిన ఉగాది నుంచి ఈ ఉగాది దాకా ఒక పుస్తకంలో లెక్క రాసుకుంటూ వచ్చాను. ఈ ఏడాదిలో నాకు ఎదురైన అభ్యంతరాలలో చాలావరకు బద్ధకం వల్ల వచ్చినవి కావు. ఎవరో ఎప్పుడో సగం చెప్పి వదిలేసిన మాటల వల్ల వచ్చినవి. అందుకే వాటిని ఒక్కొక్కటిగా తీసుకుని రాస్తున్నాను.

అపోహ: మనం వేరు చేసి ఇచ్చినా చివరికి అన్నీ ఒకే బండిలో కలిపేస్తారు.

నేను అందరికన్నా ఎక్కువగా విన్న మాట ఇదే, ఇందులో కొంత నిజం కూడా ఉంది. వేరుగా ఇచ్చిన చెత్త ఆటోలో ఒకటైపోవడం నేనూ చూశాను. అయినా వేరు చేయడం వృథా అన్న నిర్ణయానికి రావడం తప్పు. చెత్త ఆటోతో వచ్చే కార్మికులు పాల ప్యాకెట్లు, అట్టపెట్టెలు, సీసాలు ఏరుకుని పాత సామాన్ల కొట్టులో అమ్ముకుంటారు. మనం వాటి మీద సాంబారు, పెరుగు ఒలకబోసి ఇస్తే అట్టకు విలువ పోతుంది, ఏరే చేతికి పుండ్లు పడతాయి. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు తడి చెత్తను, పొడి చెత్తను, బ్యాటరీలు, మందులు, ట్యూబులైట్లు వంటి ప్రమాదకరమైన ఇంటి చెత్తను వేరువేరుగా ఇవ్వడం ఇంటివారి బాధ్యతగా చెప్పాయి. కాబట్టి బండివాళ్లు ఏం చేస్తారన్నది తేలేదాకా మన పని వాయిదా వేయడానికి వీల్లేదు.

దీనికి గట్టి జవాబు తడి చెత్తను అసలు గుమ్మం దాటనీయకపోవడమే. మా ఇంట్లో నలుగురం. వంటింటి తూకంలో వేసి చూస్తే రోజుకు సగటున 900 గ్రాముల తడి చెత్త తేలింది, అంటే ఏడాదికి 330 కిలోల దాకా. అది నగరపు చెత్త పోసే జవహర్‌నగర్ గుట్టకు చేరితే గాలి అందక కుళ్లి మీథేన్ వాయువును విడుదల చేస్తుంది. నూరేళ్ల లెక్కన చూస్తే అది భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకు దాదాపు 28 రెట్లు. గుట్ట నుంచి ఊరే నల్లటి ద్రవం నేలలోని నీటిని చెడగొడుతుంది. అదే చెత్త ఇంట్లోనే ఆగితే మిగిలేది పొడి చెత్త మాత్రమే కనుక పది రోజులు సంచిలో ఉంచినా వాసన రాదు, కలిపేయడానికి బండిలో తడిదంటూ ఏమీ ఉండదు.

అపోహ: ఇంట్లో ఎరువు చేస్తే కంపు కొడుతుంది, పురుగులు పడతాయి.

సరిగ్గా చేస్తే రాదని ఒక్క మాటలో తోసిపుచ్చను, ఎందుకంటే ఆగస్టులో మా ఇంట్లోనే వచ్చింది. వరుసగా ముసురు పట్టిన రోజుల్లో ఎరువు చేసే కుండ మూత సరిగ్గా పెట్టలేదు, ఎండుటాకులు అయిపోతే తెచ్చుకోకుండా పదిరోజులపాటు తొక్కలే వేస్తూ పోయాను. పై అంతస్తులో ఉండే పెద్దావిడ కిందికి దిగివచ్చి, "ఏమ్మా, బాల్కనీలో కాసేపు కూర్చుందామంటే కూర్చోలేకపోతున్నాం" అన్నారు. ఆమె అన్నది న్యాయమే. అప్పటికప్పుడు కుండలోనిదంతా పాత టార్పాలిన్ మీద కుమ్మరించి, గాలి తగిలేలా తిరగేసి, దానికి రెట్టింపు ఎండుటాకులు, కొంత కొబ్బరి పొట్టు కలిపాను. రెండో రోజు సాయంత్రానికి వాసన పోయింది. మూడో రోజు ఆవిడ మళ్లీ దిగివచ్చి, కుండలో ఏమేం వేయవచ్చో అడిగి వెళ్లారు.

వాసన చెత్తది కాదు, గాలి లేకపోవడానిది. గాలి అందితే కుళ్లబెట్టే సూక్ష్మజీవులు వేరు, అందకపోతే పనిచేసేవి వేరు. ఆ రెండో రకం వల్లే దుర్గంధం పుడుతుంది. కూరగాయల తొక్కలలో నీరు, నత్రజని ఎక్కువగా ఉంటాయి. ఎండుటాకులు, రంపపు పొట్టు, చింపిన అట్టముక్కలు కర్బనాన్ని ఇస్తాయి. కర్బనం నత్రజనికి 25 నుంచి 30 రెట్లు ఉంటే కుప్ప చక్కగా మాగుతుంది. తూకాల జోలికి పోకుండా, దోసెడు తొక్కలకు కనీసం దోసెడు ఎండుటాకులు, వానాకాలంలో రెండు దోసెళ్లు అని గుర్తుపెట్టుకుంటే చాలు. గుప్పెడు తీసి గట్టిగా పిండినప్పుడు వేళ్ల మధ్య తడి తెలియాలి తప్ప నీరు కారకూడదు. కొత్తగా మొదలుపెట్టేవారు పుల్లటి మజ్జిగ చిలకరించినా, పాత ఎరువు పిడికెడు కలిపినా పని త్వరగా అందుకుంటుంది. తరచూ తిరగేస్తే ఎండాకాలంలో ఆరేడు వారాలకు నల్లటి మట్టి వాసనతో ఎరువు చేతికొస్తుంది, చలికాలంలో ఇంకా ఆలస్యమవుతుంది. నిమ్మ తొక్కలు, మిగిలిన అన్నం వేయకూడదన్నది కూడా అపోహే. కొద్దికొద్దిగా వేసి, ఆకులతో కప్పితే సరిపోతుంది. మాంసం, ఎముకలు మాత్రం కుండలో వద్దు, పిల్లులూ ఎలుకలూ వస్తాయి.

కుండలో కనిపించే లావుపాటి గోధుమరంగు పురుగులు చాలాసార్లు బ్లాక్ సోల్జర్ ఈగ పిల్లలు. అవి కుట్టవు, పెద్దవైన ఈగలు మన అన్నం మీద వాలే రకమూ కాదు. చెత్తను అవి మనకన్నా వేగంగా కరిగిస్తాయి. చూడలేమనుకునేవారు ఎండుటాకులు పెంచి, కాస్త వేపపిండి చల్లితే తగ్గిపోతాయి.

అపోహ: ఎండుటాకులు కాలిస్తే దోమలు పోతాయి, బూడిద చెట్లకు మంచిది.

పొగ ఉన్నంతసేపు దోమలు తప్పుకోవచ్చు, కానీ ఆ పొగలోని సన్నని నుసి ఉబ్బసం ఉన్నవారి ఊపిరితిత్తుల దాకా పోతుంది. వీధిలో చెత్త కాల్చడాన్ని పైన చెప్పిన 2016 నియమాలే నిషేధించాయి. మా వీధి ఊడ్చే ఆమెను అడిగితే, కుప్ప ఎత్తడానికి ఎవరూ రారని, వదిలేస్తే గాలికి మళ్లీ చెదిరిపోతుందని, అందుకే అంటిస్తున్నానని చెప్పింది. ఆమెకు కావలసింది ఉపదేశం కాదు, గోనె సంచులు. వేప, కానుగ చెట్లు ఆకు రాల్చే ఫిబ్రవరి, మార్చి నెలల్లో 40 సంచులు నింపి కమ్యూనిటీ హాలు వెనక గోడవారగా పేర్చాం. వానాకాలంలో నేను పడిన ఇబ్బంది ఈసారి ఎవరికీ రాకుండా ఆ సంచులే కాపాడతాయి.

అపోహ: మన దగ్గర కింద అంతా బండ, ఇంకుడు గుంత తవ్వితే నీళ్లు ఇంకవు, ఇంకినా పక్కింటి బోరుకే పోతాయి.

హైదరాబాద్ నేల కింద గ్రానైట్ ఉన్నమాట నిజం. అయితే బండ పైన శిథిలమైన మొరం పొర, బండలో పగుళ్లు ఉంటాయి. మన బోర్లలో ఊరేది ఆ పగుళ్లలోని నీరే కనుక, నింపాల్సిందీ ఆ దారినే. లెక్క చాలా తేలిక. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు. 120 గజాల డాబా అంటే సుమారు 100 చదరపు మీటర్లు, నగరంలో ఏటా కురిసే సగటు వాన దాదాపు 800 మిల్లీమీటర్లు, అంటే 80,000 లీటర్లు. ఆవిరైనది, తొలివానలో కడిగి వదిలేసినది తీసివేసినా 60,000 లీటర్లు చేతికి వస్తాయి, అది 5,000 లీటర్ల ట్యాంకర్లు పన్నెండు. కృష్ణా, గోదావరి జలాలను వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి ఎత్తిపోసి తెచ్చుకుంటున్న ఊళ్లో మన కప్పు మీది నీటిని మురుగు కాలువకు వదలడం నాకు మనసొప్పదు. నీరు, భూమి, చెట్ల పరిరక్షణ కోసం 2002లో వచ్చిన వాల్టా చట్టం వాన నీటిని ఇంకించడం గురించి చెప్పి ఇన్నేళ్లయినా, మా వీధిలో పనిచేస్తున్న గుంత ఒక్కటే ఉండేది.

పక్కింటి బోరు మాట కొట్టిపారేయలేం, భూగర్భ జలం ప్రహరీగోడ దగ్గర ఆగదు. అందుకే నాలుగిళ్లవాళ్లం మాట్లాడుకుని ఒకే వేసవిలో నాలుగు గుంతలు తవ్వించాం. అడుగున పెద్ద రాళ్లు, పైన చిన్న కంకర, ఆ పైన ముతక ఇసుక వేయించాం. ఒక్క ఏడాదికే బోరు మట్టం పెరిగిందని నేను చెప్పను, అలా చెప్పడానికి ఎక్కువ ఏళ్ల కొలతలు కావాలి. కానీ పెద్ద వాన పడినప్పుడు గేటు ముందు మోకాలి లోతు నిలిచే నీరు ఈసారి నిలవలేదు, అది అందరూ చూశారు. ఏటా మృగశిర కార్తెకు ముందే పై ఇసుక తీసి కడగాలి. లేకపోతే మన్ను పేరుకుని నీరు నిలిచి దోమలు పెరుగుతాయి. స్నానాల నీరు, బట్టలుతికిన నీరు ఆ గుంతలోకి వదలకూడదు.

అపోహ: మట్టి వినాయకుడైతే చెరువులో వేసినా ఏమీ కాదు.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కన్నా మట్టి ఎంతో మేలు, సందేహం లేదు. అయితే మట్టి విగ్రహానికి వేసిన రసాయన రంగులు చెరువు నీటిలోనే కలుస్తాయి. రంగు వేయని చిన్న ప్రతిమను ఇంట్లోనే బకెట్‌లో నిమజ్జనం చేస్తే మరునాటికి కరిగి కుండీలోకి పనికొస్తుంది, పత్రి ఎరువుకు పోతుంది.

అపోహ: పర్యావరణం కోసం బతకాలంటే డబ్బుండాలి.

వెదురు బ్రష్షులు, స్టీలు స్ట్రాలు, కొత్త గుడ్డ సంచులు కొనడం ఈ పనికి మొదలూ కాదు, ముఖ్యమూ కాదు. ఇంట్లో ఉన్న పాత చీరతో కుట్టిన సంచి చాలు. 'కంపోస్టబుల్' అని రాసి ఉన్న కవర్లు కూడా చాలావరకు కర్మాగారపు వేడిలో కరిగేవే, ఇంటి కుండలో నెలల తరబడి అలాగే ఉంటాయి.

అపోహ: కాలనీ అంతా ఒప్పుకుంటేనే మొదలుపెట్టాలి.

సంఘం సమావేశంలో నేను ఈ విషయం ఎత్తినప్పుడు మూడుసార్లు వాయిదా పడింది. నాలుగోసారి అడగకుండా ఆరు ఇళ్లవాళ్లం మొదలుపెట్టాం. ఎరువు చేతికొచ్చాక మిద్దె మీద పండిన గోంగూర, మెంతికూర పక్కిళ్లకు పంచాం, దీపావళికి ఇళ్లు పదకొండయ్యాయి. వినాయకచవితి అన్నదానానికి ప్లాస్టిక్ పూత పూసిన పళ్లేలు వద్దనుకుని ఇంటింటా అటక మీద పడివున్న స్టీలు కంచాలు సేకరిస్తే 150 పోగయ్యాయి. అసలు చర్చ కంచాల గురించి కాదు, వాటిని ఎవరు కడగాలన్న దాని గురించి జరిగింది. ఆడవాళ్ల మీదకే తోసేస్తే వచ్చే ఏడు ఈ ఏర్పాటు ఉండదని నేను గట్టిగా చెప్పాను. చివరికి పూటకు రెండు కుటుంబాలు, మగవాళ్లతో సహా, అని వంతులు రాసుకున్నాం. ఇప్పుడు ఆ కంచాలు పై అంతస్తు పెద్దావిడ ఇంట్లో ఉన్నాయి. ఎవరింట్లో వేడుకైనా ఆవిడ దగ్గర చీటీ రాసి తీసుకెళ్తున్నారు, వచ్చే వారం నామకరణానికి 60 కంచాలకు చీటీ ఇప్పటికే రాసి ఉంది.