ఆర్పెజ్జోనే సొనాటా: అపోహలు, వాస్తవాలు

పోయిన నెల ఒకావిడ ఫోన్ చేశారు. "సార్, మా పాపకి షూబర్ట్ సొనాటా రావట్లేదండి. చేతులు చిన్నవట. చెల్లో మాన్పించెయ్యమంటారా?" ఆవిడ అడుగుతున్నది ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ రాసిన 'ఆర్పెజ్జోనే సొనాటా' గురించి. సొనాటా అంటే కొన్ని భాగాలుగా సాగే వాద్య రచన; ఇందులో మూడు భాగాలు. చెల్లో అంటే మోకాళ్ల మధ్య పెట్టుకుని కమానుతో వాయించే నాలుగు తీగల పెద్ద వాద్యం. పాపకి పదహారేళ్లు. పట్టుదలగా రోజుకు మూడు గంటలు వాయించి బొటనవేలు వాచిపోయింది. ఇలాంటి ఫోన్లు నాకు ఏటా వస్తాయి. విన్న ప్రతిసారీ బాధే.

అపోహ: అది చెల్లో సొనాటా. చెల్లో వచ్చినవాళ్లకి అది రావాలి.

కాదండీ. 1824 నవంబరులో వియన్నాలో షూబర్ట్ దాన్ని ఆర్పెజ్జోనేకి, పియానోకి రాశాడు. అప్పటికి ఏడాది కిందటే యోహాన్ గియోర్గ్ స్టౌఫర్ అనే గిటార్ల తయారీదారు చేసిన కొత్త వాద్యం అది. గిటార్‌కి ఉన్నట్టే ఆరు తీగలు, అదే శ్రుతి, వేళ్ల కింద మెట్లు. వాయించడం మాత్రం మోకాళ్ల మధ్య పెట్టుకుని కమానుతో. కొన్నేళ్లకే అది మూలపడింది. షూబర్ట్ 1828లో పోయాడు, సొనాటా అచ్చయింది 1871లో.

తేడా ఎక్కడుందో చూడండి. చెల్లోలో అన్నిటికంటే పై శ్రుతిలో ఉండే 'ఎ' తీగను షడ్జం అనుకుంటే, ఆర్పెజ్జోనే పై తీగ మీద వేలు పెట్టకుండానే పంచమం పలుకుతుంది. పై షడ్జం ఐదో మెట్టు మీదే దొరుకుతుంది. చెల్లోలో ఆ పై షడ్జం కోసం తీగలో సగం దాకా దిగాలి, అంటే బొటనవేలిని కూడా తీగ మీద ఆనించి వాయించే థంబ్ పొజిషన్‌కి. ఆరు తీగల మీద కమాను అటూ ఇటూ తిప్పితే వచ్చేసే స్వరాల కోసం నాలుగు తీగల మీద ఎడమచెయ్యి గెంతాలి. ఇది పిల్లల చేతుల లోపం ఎలా అవుతుంది?

నేను చదువుకునే రోజుల్లో మూడో భాగంలో తడబడి పరీక్ష పోగొట్టుకున్నాను. "చెల్లో వాడివి, ఇదీ రాదా?" అన్నారు. చాలా ఏళ్ల తర్వాత ఒక స్నేహితుడి దగ్గర, పాత నమూనా చూసి కొత్తగా చేసిన ఆర్పెజ్జోనే దొరికింది. నాకు గిటార్ కొద్దిగా వచ్చు. అన్నాళ్లు నన్ను ఏడిపించిన వరస, వెతక్కుండానే వేళ్ల కింద ఉంది. కాసేపు కమాను పక్కన పెట్టి కూర్చుండిపోయాను.

అందుకని పై వరసలు ఒక స్థాయి దించి వాయిస్తే దొంగతనమేమీ కాదు. వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్ద వాద్యం) మీద దీన్ని వాయించేవాళ్లు తమకు అందని కింది స్వరాలను పైకి మార్చుకుంటారు, వాళ్లనెవరూ ఏమీ అనరు. నొప్పి వస్తే మాత్రం ఆపండి, డాక్టరుకి చూపించండి. నొప్పితో సాధన చెయ్యొద్దు.

అపోహ: పేరులో ఆర్పెజ్జో (స్వరాలను ఒకదాని వెంట ఒకటి విడివిడిగా పలికించడం) ఉంది కాబట్టి వేళ్లతో మీటే వాద్యం. కాదు, కమాను వాద్యమే.

అపోహ: పియానో ఉత్త తోడు. మొదటి భాగం ఎత్తుకునేదే పియానో. ఆ రాగాన్ని విని, తర్వాత మీరు అందుకోవాలి. ఇద్దరూ కలిసి సాధన చెయ్యకపోతే ఈ సొనాటా లేదు.

అపోహ: అసలు వాద్యం మీద తప్ప వాయించకూడదు. అలా అయితే ఈ సంగీతం మనదాకా వచ్చేదే కాదు.

పాప ఇప్పుడు రెండో భాగం, నెమ్మదిగా సాగే అడాజియో ఒక్కటే వాయిస్తోంది, రోజుకు నలభై నిమిషాలు. వేలి వాపు తగ్గింది. మొదటి భాగం సంక్రాంతి తర్వాత చూద్దామని చెప్పాను.