పాత రేసింగ్ వీల్: బోర్డు పోయిందని ఎవురు చెప్పింది సామీ? (అపోహలు - వాస్తవాలు)

"అన్నా, వీల్ బోర్డు పోయిందంట, ఎంతొస్తే అంతకు అమ్మిపెట్టు" అని పిల్లోళ్లు వస్తా ఉంటారు. వాళ్లను చూస్తే జాలి, వాళ్లకు ఆ మాట చెప్పినోళ్ల మీద ఒళ్లు మంట. కంప్యూటర్‌లో కార్ రేసింగ్ గేములు ఆడే ఈ పాత స్టీరింగ్ వీల్స్‌ని తిరుపతిలో విప్పి చూసేవాళ్లు తక్కువ కాబట్టి అవి తిరిగి తిరిగి నా బల్ల మీదకే వస్తాయి, అందుకే ఈ పోస్టు.

అపోహ: గేమ్‌లో కారు దానంతటదే పక్కకు లాగితే, తొక్కకుండానే బ్రేక్ పడితే వీల్ లోపలి సర్క్యూట్ బోర్డు కాలిపోయినట్టే.

వాస్తవం: బోర్డు నిజంగా పోతే చాలాసార్లు కంప్యూటర్ వీల్‌ని గుర్తే పట్టదు. గుర్తుపట్టి, బటన్లన్నీ పనిచేసి, ఒక్క యాక్సిస్ (స్టీరింగ్ గానీ, ఏదో ఒక పెడల్ గానీ) మాత్రమే ఎగురుతా ఉంటే ముందు పాట్‌ని, అంటే ఎంత తిప్పినారో, ఎంత తొక్కినారో కొలిచే పొటెన్షియోమీటర్‌ని అనుమానించండి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి joy.cpl (జాయ్ డాట్ సీపీఎల్) అని కొట్టి ప్రాపర్టీస్‌లోకి పోండి, పెడల్ నిదానంగా తొక్కండి. గీత సాఫీగా నడవకుండా దూకుతా ఉంటే పాట్‌లో దుమ్ముంది, లేదా లోపలి కార్బన్ ట్రాక్ అరిగింది. దుమ్మయితే కాంటాక్ట్ క్లీనర్ (ఎలక్ట్రానిక్ సామాను శుభ్రం చేసే స్ప్రే) కొంచెం కొట్టి పాట్‌ని ఆ చివర నుంచి ఈ చివరకు పదేపదే తిప్పితే చాలా మటుకు సరైపోతుంది. తలుపు బందులకు కొట్టే స్ప్రే మాత్రం కొట్టొద్దు, అది జిడ్డు మిగిల్చి ఇంకా దుమ్మును లాగుతుంది. అరిగిపోయుంటే కొత్త పాట్ వేయాల్సిందే, దాని ఖరీదు ఒక పూట టిఫిన్ ఖర్చు కూడా ఉండదు. లాజిటెక్ వాళ్ల జీ25, జీ27 వీల్స్ పెడల్స్‌కి 10 కిలో ఓమ్‌లది (10K), పాత 15 పిన్ గేమ్‌పోర్ట్ (పాత కంప్యూటర్లలో జాయ్‌స్టిక్ గుచ్చే పోర్ట్) వీల్స్‌కి మామూలుగా 100 కిలో ఓమ్‌లది (100K). మీద బి (B) అని ఉండేది, అంటే తిప్పినంత సమానంగా మారే లీనియర్‌ది అడగండి, ఆంప్లిఫయర్ వాల్యూమ్‌కి వేసే 'ఏ' (A) అని ఉండే రకం తెచ్చుకుంటే పెడల్ సగం తొక్కినా గేమ్‌లో సగం పడదు. ఇక్కడ దొరక్కపోతే చెన్నై రిచీ స్ట్రీట్ ఉండనే ఉంది.

ఇంకో రోగం స్టీరింగ్‌ది. 2006లో వచ్చిన జీ25కి, దాని తర్వాత జీ27కి స్టీరింగ్‌లో పాట్ ఉండదు, మోటార్ షాఫ్ట్ మీద చిన్న ప్లాస్టిక్ ఎన్‌కోడర్ చక్రం ఉంటుంది, దాని చీలికలను లైట్ సెన్సర్ లెక్కపెడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ చక్రం పగిలి షాఫ్ట్ మీద జారుతుంది, జారినప్పుడల్లా లెక్క తప్పి సెంటర్ పక్కకు పోతుంది. గుర్తు ఏందంటే, యూఎస్‌బీ పీకి మళ్లీ పెడితే వీల్ అటూఇటూ తిరిగి తన సెంటర్ తానే సరిచూసుకొని (కాలిబ్రేట్ అయి) కాసేపు బాగుంటుంది, గట్టిగా రెండు మలుపులు తిప్పగానే మళ్లీ మొదటికొస్తుంది. బోర్డు పోతే ఇట్లా ఉండదు కదబ్బా! లోహంతో చేసిన ఎన్‌కోడర్ చక్రం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, వేస్తే అయిపోయింది.

మొన్న ఒక ఇంజనీరింగ్ పిల్లోడు వాళ్ల నాయన్ని వెంటబెట్టుకొని వచ్చినాడు. ఏదో షాపులో బోర్డు మార్చాలని వేలల్లో చెప్పినారంట, ఆయన ముఖంలో "ఆటసామాను కోసం ఇంత డబ్బా" అనే కోపం, పిల్లోడి ముఖంలో ఏడుపు. విప్పి పగిలిన చక్రం చేతిలో పెట్టేసరికి ఆయనే "దీనికేనా సామీ!" అని నవ్వేసినాడు. తర్వాత ఆయనే కూర్చోని వీల్ తిప్పతా తిరుమల ఘాట్ రోడ్డు కబుర్లు మొదలుపెట్టినాడు, టీ తాగి గానీ పోలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తా. వీల్ 900 డిగ్రీలు తిరగాల్సింది గేమ్‌లో 200కే అయిపోతే గేర్లు విరగలేదు, కంప్యూటర్‌లో డ్రైవర్ సాఫ్ట్‌వేర్ లేనప్పుడు జీ25, జీ27 పాత మోడల్ లెక్కన పనిచేస్తాయి, పాత లాజిటెక్ గేమింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకోండి, లాజిటెక్ కొత్త సాఫ్ట్‌వేర్ జీ హబ్ వీటిని పట్టించుకోదు. 15 పిన్ గేమ్‌పోర్ట్ అంటే మానిటర్‌కి పెట్టే వీజీఏ కాదు, వీజీఏలో పిన్నులు మూడు వరసలు, గేమ్‌పోర్ట్‌లో రెండే, గుచ్చి వంచొద్దు. గేమ్‌పోర్ట్‌కి విండోస్ విస్టా నుంచే సపోర్ట్ తీసేసినారు, యూఎస్‌బీ కన్వర్టర్‌తో మామూలు అనలాగ్ వీల్ నడవొచ్చు గానీ పాత ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ (మోటార్ స్టీరింగ్‌ని ఎదురు తిప్పే) వీల్‌లో ఆ ఫోర్స్ వస్తుందని ఆశపడి కొనొద్దు. వైబ్రేషన్ ఉంటే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ ఉన్నట్టు కాదు, సెకండ్ హ్యాండ్ అమ్మేవాళ్లు రెండూ ఒకటే అని అంటగడతా ఉంటారు.

నా దగ్గరకే కాదు, ఎవరి దగ్గరకు తీసుకుపోయినా వీల్ ఒక్కటే చంకన పెట్టుకొని పోవద్దు, పెడల్స్, అడాప్టర్ కూడా తీసుకుపోండి. జీ25, జీ27 అడాప్టర్ 24 వోల్టులది, అది పోయిందని ఇంట్లో దొరికిన రౌటర్ అడాప్టర్ గుచ్చొద్దు.