మీ అపార్ట్‌మెంట్ నీళ్ల ఖర్చు ఎక్కడ దాక్కుందో చూడండి: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లకు, లేఅవుట్లకు వరదను, కరువును తట్టుకునే నీటి డిజైన్లు చేస్తుంటాను. ఎస్టిమేట్ చేతిలో పెట్టగానే వినపడే మాట ఎప్పుడూ ఒకటే: “ఇదంతా అదనపు ఖర్చు కదా సార్, మనకు తిరిగి ఏమొస్తుంది?” ఈఎంఐలు కట్టుకుంటున్నవాళ్లు అడగాల్సిన ప్రశ్నే, అందులో తప్పు లేదు. దాని వెనకున్న లెక్కే తప్పు, ఆ తప్పుకు జనం కడుతున్న మూల్యం చాలా పెద్దది.

అపోహ: వరదను, కరువును తట్టుకునే డిజైన్ అదనపు ఖర్చు

దేనికన్నా అదనం? అందరూ ఆ ఎస్టిమేట్‌ను సున్నాతో పోలుస్తారు, ఏమీ చేయకపోతే ఏమీ ఖర్చు కాదన్నట్టు. ఏమీ చేయని బిల్డింగ్‌కీ ఖర్చుంది, కాకపోతే ఒక్కచోట కనపడదు. ట్యాంకర్లు మెయింటెనెన్స్‌లో పోతాయి, కాలిన మోటారు రిపేర్ల కింద పోతుంది, కొత్త బోరు కార్పస్ ఫండ్‌ను తినేస్తుంది, తాగునీటి క్యాన్లు ఎవరి జేబులోంచి వాళ్లు కొనుక్కుంటారు, సెల్లార్‌లో మునిగిన కారు ఆ ఓనర్ ఖర్మ.

ఒక అపార్ట్‌మెంట్ ట్రెజరర్, బ్యాంకులో రిటైరైన పెద్దాయన, “బాబూ, నాకు మాటలొద్దు, కాగితం మీద చూపించు” అన్నారు. నా ఎస్టిమేట్ పక్కన పెట్టి ఆయన ఫైళ్లే తీయమన్నాను. వేసవి ట్యాంకర్ బిల్లులు, మోటారు రీవైండింగ్, ఎండిపోయిన బోరు, సెల్లార్‌లోకి నీళ్లొచ్చినప్పుడు మార్చిన కరెంటు ప్యానెల్ బోర్డు, లిఫ్ట్ రిపేరు. ఆయనే క్యాలిక్యులేటర్ తీసుకుని కూడారు. కూడాక, ప్యానెల్ బోర్డు సెల్లార్‌లోంచి పైకి మార్చడం, ర్యాంపు మొదట్లో గట్టు ఎత్తు పెంచడం వెంటనే చేసేద్దామని ఆయనే కమిటీకి చెప్పారు. మొత్తం జాబితాలో బాగా చవకైనవి ఆ రెండే, పెద్ద నష్టాన్ని ఆపేవీ అవే.

నగరం లెక్క కూడా ఇంతే. నగరానికి కృష్ణా నీళ్లిచ్చే నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. హైదరాబాద్ ఉన్నది 500 మీటర్లకు పైన. కృష్ణా నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా వచ్చి, 300 మీటర్లకు పైగా ఎక్కాలి. పంపుల నష్టాలు కలిపితే ప్రతి వెయ్యి లీటర్లకు ఒక యూనిట్ కరెంటు దాటిపోతుంది. ఇక్కడ వాడిన నీళ్లను శుద్ధి చేసి మళ్లీ వాడితే మిగిలేది ఆ కరెంటు కూడా. కానీ డిజైన్ ఖర్చు బిల్డర్‌ది, లాభం కొన్నవాళ్లది, కరెంటు ఆదా జలమండలిది, రోడ్డు పాడవకపోతే మిగిలేది కార్పొరేషన్‌కి. అందుకే ఎవరి లెక్కలో చూసినా నష్టంలాగే కనపడుతుంది, కలిపి చూసేవాళ్లు లేరు. 1908 మూసీ వరదలో వేల మంది పోయాక కలిపి చూశారు: 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. వరదను ఆపడానికి కట్టినవే నగరానికి తాగునీళ్లూ ఇచ్చాయి, ఒకే ఖర్చుకు రెండు ఫలితాలు.

దీనికి తోడు “అలాంటి వాన మళ్లీ వందేళ్లకు గానీ రాదు” అనే మాటొకటి. వందేళ్ల వాన అంటే ఏ ఏడాదైనా నూటికి ఒక వంతు అవకాశం ఉన్న వాన. 30 ఏళ్లు ఆ ఇంట్లో ఉంటే ఒక్కసారైనా చూసే అవకాశం నూటికి 26. ఇదీ పాత వానల రికార్డుల మీద వేసిన లెక్కే, వానల తీరు ఇప్పుడు మారిపోతోంది. 2000 ఆగస్టులో బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు పడింది, 2020 అక్టోబరులో ఘట్‌కేసర్ వైపు 32. ఇరవై ఏళ్ల తేడాలో రెండు చూశాం కదా!

అపోహ: ఇంకుడు గుంత తవ్వితే నీళ్ల సమస్య తీరిపోతుంది

తీరదు. వెయ్యి చదరపు మీటర్ల డాబా మీద ఏడాదికి 80 సెంటీమీటర్ల వాన పడితే, అందులో 80 శాతం పట్టినా వచ్చేది 6,40,000 లీటర్లు. వంద ఫ్లాట్లకు, ఇంటికి నలుగురు, మనిషికి 135 లీటర్ల చొప్పున రోజుకు 54,000 కావాలి. అంటే ఏడాది వాన పన్నెండు రోజులకు కూడా చాలదు. గుంతలు తవ్వండి, భూగర్భ జలానికి, వీధిలో వరద తగ్గడానికి పనికొస్తాయి. కానీ అదే బిల్డింగ్ నుంచి రోజూ 43,000 లీటర్ల దాకా మురుగునీరు బయటికి పోతోంది, వేసవిలో కూడా. ఎస్టీపీని, అంటే మురుగునీటి శుద్ధి ప్లాంటును, సరిగ్గా నడిపి ఆ నీళ్లు ఫ్లష్‌లకు, మొక్కలకు వాడితే ట్యాంకర్లు తగ్గేది అక్కడ.

అపోహ: గుంత తవ్వితే పునాది కుంగిపోతుంది

వాట్సాప్‌లో ప్రతి వానాకాలం తిరిగే మెసేజ్ ఇది, దయచేసి ఫార్వర్డ్ చేయకండి. పునాదికి, సెల్లార్ గోడకు దూరంగా, ఇంజినీర్ చూపించిన చోట తవ్వితే చాలు. మురికినీళ్లు మాత్రం నేరుగా బోరులోకి వదలకండి.

పల్లంలో ఫ్లాట్ కొనేశాం, అమ్మేసి వెళ్లిపోవాలా అని టెన్షన్‌గా ఫోన్ చేసేవాళ్లున్నారు. తొందరపడకండి. ముందు ప్యానెల్ బోర్డు, జనరేటర్ ఏ లెవెల్‌లో ఉన్నాయో చూడండి, డ్రైనేజీ లైనుకు నీళ్లు వెనక్కి తన్నకుండా వాల్వ్ ఉందో లేదో కనుక్కోండి, ర్యాంపు దగ్గర పోయినసారి నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో వాచ్‌మన్‌ను అడగండి. ఇంకా కొననివాళ్లయితే, ఫ్లష్‌లకు వేరే పైపులైను వేస్తున్నారా అని స్లాబులు పడకముందే బిల్డర్‌ని అడిగి రాయించుకోండి. తర్వాత వేయాలంటే ప్రతి బాత్‌రూమ్ గోడా పగలగొట్టాలి.