బావి ఊరనివ్వాలి

చిట్టీ, నానీ,

నాన్న రాత్రి పదకొండింటికి కూడా అమెరికా కాల్స్‌లోనే ఉంటున్నాడని రాశారు. "అంతసేపు చేస్తే పని తొందరగా అయిపోవాలి కదా తాతయ్యా, ఎందుకు అవ్వట్లేదు?" అని చిట్టి అడిగింది.

మా చిన్నప్పుడు పొలానికి కరెంటు మోటారు లేదు, బావిలోంచి ఎడ్లతో నీళ్లు తోడే మోటే. చీకటి ఉండగానే ఎడ్లను కట్టేవాళ్లు. అవి ఏటవాలు బాటలో దిగుతుంటే తోలు బాన నిండా నీళ్లతో పైకొచ్చేది, నేనేమో కాలవలో కాళ్లు పెట్టుకుని కూర్చునేవాణ్ణి, బడికి టైమైందని అమ్మ కేకలేసేదాకా. ఎండెక్కగానే మా నాన్న ఎడ్లను విప్పేసేవాడు. ఇంకా నీళ్లున్నాయిగా అంటే బావిలోకి వంగి చూడమన్నాడు. రాళ్ల సందుల్లోంచి సన్నగా ఊట కారుతోంది. ఆపకుండా తోడితే బాన అడుగు గీరుకుని బురద వస్తుంది, మడి తడవదు, ఎడ్లకు మాత్రం ఆయాసం. వదిలేస్తే సాయంత్రానికి మళ్లీ మెట్లు మునిగేవి.

బుర్రకూ ఊట ఉంటుందర్రా. పొద్దున గంటలో అయ్యే పని అర్ధరాత్రి మూడు గంటలు తింటుంది, ఆ తప్పులు దిద్దుకోడానికి మర్నాడు ఇంకో పూట. పైగా పది నిమిషాలకోసారి ఫోను మోగితే, బాన సగం పైకి రాగానే మళ్లీ కిందికి వదిలినట్టే. అందుకే కష్టమైన పని బావి నిండుగా ఉన్న పొద్దుటిపూట పెట్టుకుని, మెయిళ్లూ మీటింగులూ తర్వాతకు తోసి, రాత్రి ఫలానా టైముకి ఎడ్లు విప్పేయాలి. కాల్ రాత్రే తప్పదంటే మర్నాడు పొద్దున ఆలస్యంగా మొదలుపెట్టాలి. నిద్రపోవడం బద్ధకం కాదు, మీకు పరీక్షలప్పుడు కూడా ఇదే మాట.

ఇది నాన్నకు గట్టిగా చదివి వినిపించండి: 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే పెద్దవాళ్లకు వారానికి 48 గంటలు మించకూడదని, ఐదు గంటల పని దాటకముందే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని రాశారు. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు, 35–40 గంటలు చేసేవాళ్లకంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పాయి.

సెలవులకు వచ్చినప్పుడు మన బావి దగ్గరికి వెళ్లండి, పెద్దవాళ్లు ఎవరైనా పక్కనుండాలి సుమా. మోటారు ఆపగానే దారానికి రాయి కట్టి దించి, రాయి నీళ్లను తాకగానే గట్టు దగ్గర దారానికి ముడి వేయండి. గంటాగి మళ్లీ దించి, ఇంకో ముడి వేయండి. రెండు ముడుల మధ్య ఎన్ని జానలు వచ్చాయో నాకు చెప్పాలి.

మీ తాతయ్య