పెన్సిల్ గ్రిప్ కొంటే చేతిరాత బాగుపడుతుందా? పిల్లల థెరపీ పరికరాలు: అపోహలు - వాస్తవాలు

జూన్‌లో బడులు తెరిచిన రెండు మూడు వారాలకే తల్లిదండ్రుల ఫోన్లు మొదలవుతాయి. "మేడమ్, మా బాబు రాత అస్సలు బాలేదని క్లాస్ టీచర్ డైరీలో రాశారు. ఆన్‌లైన్‌లో రకరకాల గ్రిప్‌లు కనిపిస్తున్నాయి, ఏది తెప్పించమంటారు?" అని అడుగుతారు. నేను పిల్లల ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని, అంటే రాయడం, బొత్తాలు పెట్టుకోవడం లాంటి రోజువారీ పనుల్లో ఇబ్బందిపడే పిల్లలకి సాయం చేస్తాను. పెన్సిల్‌కి తొడిగే రబ్బరు గ్రిప్‌లు, చేత్తో పిసికే మెత్తటి ముద్ద (పుట్టీ), వాలుబల్ల, ఊయల, పెద్ద బంతి నేను రోజూ వాడే సామాన్లే, వాటి విలువ నాకు తెలుసు. కానీ బాబు ఎలా కూర్చుంటున్నాడో, ఏ అక్షరం దగ్గర తడబడుతున్నాడో చూడకుండా ఏ గ్రిప్ కొనాలో ఫోన్‌లో చెప్పడం ఎవరివల్లా కాదు. ముందు ఇబ్బంది ఏమిటో తేలాలి, ఆ తర్వాతే పరికరం. ఈ వరస తిరగబడటం వల్ల పుట్టిన అపోహలే ఎక్కువ.

అపోహ: మూడు వేళ్లతో పట్టుకోకపోతే రాత బాగుపడదు, కాబట్టి గ్రిప్ తప్పనిసరి

బొటనవేలు, చూపుడువేలు పెన్సిల్‌ని పట్టుకుంటే, అది మధ్యవేలి పక్కన ఆనుతుంది. మనందరికీ నేర్పిన పట్టు ఇదే. మంచి పట్టే, కానీ ఇదొక్కటే కాదు. నాలుగు వేళ్లతో పట్టుకునేవాళ్లుంటారు. బొటనవేలు పెన్సిల్ మీదుగా అవతలికి వెళ్లేలా మూడు వేళ్లతోనో నాలుగు వేళ్లతోనో పట్టుకునేవాళ్లూ ఉంటారు. నాలుగో తరగతి పిల్లల మీద చేసిన అధ్యయనాల్లో ఈ నాలుగు రకాల పట్టుకీ వేగంలో గానీ, అక్షరాల స్పష్టతలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మూడో తరగతి పిల్లాడు నాలుగు వేళ్లతో పట్టుకుని హాయిగా, చదవగలిగేలా రాస్తుంటే ఆ చేతి జోలికి వెళ్లకండి.

నేను పట్టు గురించి ఆలోచించేది వేరే సందర్భాల్లో. అర పేజీకే చెయ్యి నొప్పి అంటున్నప్పుడు, పెన్సిల్‌ని పిడికిలితో పట్టుకుంటున్నప్పుడు, వేళ్లు కదలకుండా భుజం నుంచి చెయ్యంతా కదులుతున్నప్పుడు. అప్పుడు కూడా కారణం వేళ్లలోనే ఉండాలని లేదు.

ఒకటో తరగతి పాపని తీసుకొచ్చారు. వాళ్లమ్మ సంచిలో నాలుగు రకాల గ్రిప్‌లున్నాయి. పాప రాస్తుంటే నేను ఎడమచెయ్యి ఎక్కడుందా అని చూశాను. అది బల్ల కింద కుర్చీ అంచుని పట్టుకుని ఉంది. కాళ్లు నేలకి అందక వేలాడుతున్నాయి కాబట్టి ఒళ్లు నిలబెట్టుకోవడానికి ఆ చెయ్యి కావాలి. కాగితాన్ని పట్టుకునే చెయ్యి లేదు. 'క' రాసి తలకట్టు పెట్టేసరికి పేజీ జరిగిపోతోంది. జరగకుండా పెన్సిల్‌తోనే అదిమి పెడుతోంది. చూపుడువేలు గోరు కింద తెల్లబడిపోయింది, వెనక పేజీలో అక్షరాలు ఉబ్బి కనిపిస్తున్నాయి. కాళ్ల కింద పీట వేశాం. కాసేపటికి ఎడమచెయ్యి దానంతట అదే పైకొచ్చి కాగితం మీద నిలిచింది, అదమడం తగ్గింది. గ్రిప్‌లు సంచిలోంచి తీయాల్సిన పని పడలేదు.

గ్రిప్ నిజంగా ఉపయోగపడే పిల్లలున్నారు. మీ పిల్లలకి ఉపయోగపడుతోందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. ఒకే వాక్యాన్ని గ్రిప్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి రాయించి తేదీ వేసి దాచండి. రెండు మూడు వారాలు వాడాక మళ్లీ రాయించండి. అక్షరంలోనో, అలసటలోనో తేడా లేకపోతే తీసేయండి. నాలుగైదేళ్ల పిల్లలకైతే రబ్బరు గ్రిప్ కంటే పొట్టి పెన్సిల్ ముక్క, విరిగిన క్రేయాన్ మేలు. పట్టుకోవడానికి చోటే తక్కువ కాబట్టి వేళ్ల కొసలతోనే పట్టుకోవాల్సి వస్తుంది. పలక మీద పొట్టి బలపం చేసే పనీ ఇదే. పైగా పలక గరుకుగా ఉంటుంది కనుక గీత ఎటు పోతోందో చేతికి తెలుస్తుంది. పలకని పాతకాలపు వస్తువని పక్కన పెట్టేయడం నాకు బాధగా ఉంటుంది. కాకపోతే బలపాలు నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి. అదే పనిగా తింటుంటే డాక్టర్‌కి చూపించి రక్తహీనత ఉందేమో పరీక్ష చేయించండి.

అపోహ: పుట్టీ పిసికిస్తే, పూసలు గుచ్చిస్తే చేతికి బలం వచ్చి రాత దానంతట అదే బాగవుతుంది

తల్లిదండ్రులే కాదు, కొన్ని థెరపీ సెంటర్లు కూడా ఈ నమ్మకంతోనే నడుస్తున్నాయి. నెలల తరబడి పుట్టీ పిసకడం, పెగ్ బోర్డు చిల్లుల్లో పుల్లలు గుచ్చడం, పట్టకార్లతో చిన్న నూలు బంతులు (పోమ్ పోమ్‌లు) తీయడం జరుగుతుంది. పిల్లాడు పట్టకార్లు వాడటంలో ఆరితేరతాడు. నోట్‌బుక్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

చేతిరాత మీద అప్పటిదాకా జరిగిన అధ్యయనాలని కలిపి చూసిన సమీక్ష ఒకటి 2011లో కెనడా ఆక్యుపేషనల్ థెరపీ పత్రికలో వచ్చింది. రాయడం సాధన చేయించని పద్ధతులు ఫలితం ఇవ్వలేదని, సాధన చేయించినా 20 సెషన్ల కంటే తక్కువైతే పని చేయలేదని అందులో తేలింది. నా దగ్గరికి వచ్చే ప్రతి కుటుంబానికీ ముందుగా చెప్పే మాట ఇదే. రాత రావాలంటే రాయాలి.

అలాగని పేజీలకి పేజీలు కాపీ రాయించమని కాదు. పది సార్లు తప్పుగా రాస్తే తప్పే అలవాటవుతుంది. రోజుకి పది పదిహేను నిమిషాలు చాలు. ఒక అక్షరం ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో మీరు రాసి చూపించండి, పక్కన వాళ్లని రాయమనండి. తర్వాత మీది మూసేసి గుర్తు తెచ్చుకుని రాయమనండి. రాసినవాటిలో బాగా వచ్చిన అక్షరం చుట్టూ వాళ్లనే సున్నా చుట్టమనండి. ఏది బాగుందో పిల్లలు తమ కంటితో తాము పోల్చుకోవడమే ఇందులో కీలకం.

తెలుగు రాతకి కావాల్సినవి కొన్ని ప్రత్యేకం. బజారులో దొరికే హ్యాండ్‌రైటింగ్ కిట్లు చాలావరకు ఇంగ్లిష్ అక్షరాల కోసం చేసినవి. మన అక్షరాల్లో వంపులే ఎక్కువ. ద, ధ, థ ఒకే ఆకారం నుంచి వస్తాయి, చిన్న గీత, చుక్క దగ్గరే తేడా. అలాంటివి పక్కపక్కన పెట్టి నేర్పితే తేడా కంటికీ చేతికీ పడుతుంది. అక్షరం పైన గుడి, ఏత్వం, కింద ఒత్తు. 'రాష్ట్రం', 'స్త్రీ' లాంటి మాటల్లో ఒత్తు కింద ఇంకో ఒత్తు. మామూలు గీతల నోట్‌బుక్‌లో ఒత్తు కింది వరసలోకి దిగి అక్కడి గుడితో ఢీకొంటుంది. పేజీ అంతా కలగాపులగంగా కనిపిస్తుంది. టీచర్ 'అన్‌టైడీ' అని రాస్తారు. ఈ పిల్లలకి నేను మొదట చెప్పేది వరస వదిలి వరస రాయమని. లేదా స్కెచ్ పెన్‌తో అక్షరానికి ఒక రంగు పట్టీ, ఒత్తుకి దాని కింద సన్న పట్టీ గీసివ్వమని. పది రూపాయల్లో తయారయ్యే పరికరం ఇది. దీంతో పేజీ మారిపోవడం చాలాసార్లు చూశాను.

పైగా మన పిల్లలు చాలామంది ఒకటి, రెండు తరగతుల్లోనే ఇంగ్లిష్, తెలుగు, హిందీ మూడు లిపులు రాస్తున్నారు. ఒకదానికి నాలుగు గీతలు, ఒకదానికి వంపులు, ఒకదానికి నిలువు గీత, పైన అడ్డగీత. ఏ లిపిలో ఇబ్బందో విడిగా చూడకుండా 'రాత బాలేదు' అనేస్తే లాభం లేదు.

మరి పుట్టీ వద్దా? వాడండి, రాసే ముందు రెండు మూడు నిమిషాలు. పుట్టీ కొనక్కర్లేదు, చపాతీ పిండి ముద్ద చాలు. అచ్చంగాయలు ఎగరేసి పట్టడం, చింతపిక్కలు గుప్పిట్లో ఉంచుకుని ఒక్కొక్కటీ వేళ్ల కొసకి తెచ్చి వామనగుంటల్లో వేయడం వేళ్లకి చాలా మంచి పని. ముగ్గు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. బొటనవేలు, చూపుడువేలు మధ్య పిండిని ఎక్కువ తక్కువ కాకుండా వదులుతూ, చుక్క చుట్టూ వంపు తిప్పడం. తెలుగు అక్షరానికి ఇంత దగ్గరగా ఉండే వ్యాయామం నేను ఏ కిట్‌లోనూ చూడలేదు. మగపిల్లల చేత కూడా వేయించండి. ఆ వెంటనే పలకో, పుస్తకమో తీయించండి. అది లేకపోతే ముగ్గు ముగ్గుగానే మిగిలిపోతుంది.

అపోహ: ఎంత చిన్నప్పుడు రాయిస్తే అంత మంచిది

మూడేళ్ల పిల్లలకి నర్సరీలో రోజూ హోంవర్క్ ఇస్తున్నారు. గుండ్రం చూసి గీయడం సాధారణంగా మూడేళ్లకి వస్తుంది. కూడిక గుర్తు లాంటి అడ్డం నిలువు గీతలు నాలుగేళ్ల దగ్గర, చతురస్రం నాలుగు నాలుగున్నరకి, ఏటవాలు గీతలు, త్రిభుజం ఐదేళ్ల దగ్గర. ఏటవాలు గీతే రాని పిల్లాడి చేత K, X రాయిస్తే వాడు అక్షరాన్ని బొమ్మలా అతికిస్తాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని ఆ అలవాటుని రెండో తరగతిలో మాన్పించడం కష్టం. అక్షరాభ్యాసం నాడు బియ్యంలో వేలితో దిద్దించడం ఆ వయసుకి సరిగ్గా సరిపోతుంది. ఆ బియ్యం పళ్లెం ఒక్క రోజుతో ఆపకండి. ఇసుక, రవ్వ ఏదైనా సరే.

ట్యాబ్‌లో వేలితో అక్షరం దిద్దే యాప్‌ల గురించి అడుగుతుంటారు. ఆట కింద సరే. గాజు మీద వేలికి ఏ పట్టూ, ఏ ఒత్తిడీ తెలియవు కాబట్టి పెన్సిల్ పనికి అది బదులు కాదు.

అపోహ: వాకర్‌లో వేస్తే త్వరగా నడుస్తారు

చక్రాల బేబీ వాకర్ వల్ల నడక త్వరగా రాదు, ఆలస్యం కావచ్చు. అందులో పాప తన బరువు తాను మోయదు, మునివేళ్లతో తోసుకుంటూ పోతుంది. మెట్ల మీంచి పడటం, వేడి గిన్నెలు అందుకోవడం లాంటి ప్రమాదాలు దీనితో ఎక్కువ. కెనడా 2004లోనే వీటి అమ్మకాన్ని నిషేధించింది. మన అమ్మమ్మల కాలం నాటి మూడు చక్రాల చెక్కబండి వేరు. దాన్ని పట్టుకుని బిడ్డ తన కాళ్ల మీద తాను నిలబడాలి. పక్కన పెద్దవాళ్లుండి, చదునైన నేల మీద నడిపిస్తే అది పనికొస్తుంది. అన్నిటికంటే ముందు నేల మీద బోర్లా పడటానికి, దేకడానికి, పాకడానికి చోటు కావాలి. చేతుల మీద బరువు వేసే ఆ పనులే భుజానికీ, మణికట్టుకీ మొదటి వ్యాయామం.

అపోహ: ఊయల, బరువు జాకెట్ (లోపల బరువులు పెట్టి కుట్టిన కోటు) వాడితే ఏకాగ్రత వచ్చి రాత కుదురుతుంది

ఊయలలు, ఉయ్యాల బల్లలు ఇంద్రియ సమన్వయ థెరపీలో భాగం. స్పర్శ, కదలిక, తూకం లాంటివి తెలిపే సంకేతాలని మెదడు సరిగ్గా కలిపి వాడుకునేలా సాయపడాలని చేసే థెరపీ ఇది. అమెరికన్ థెరపిస్ట్ జీన్ ఐర్స్ దీనికి పునాది వేశారు. అవసరమున్న పిల్లలకి, శిక్షణ ఉన్నవాళ్లు, ఒక లక్ష్యం పెట్టుకుని చేయాల్సిన పని ఇది. పరీక్ష చేసి ఇబ్బంది ఉందని నమోదు చేయకుండా ఇంద్రియాల ఆధారంగా చేసే థెరపీలు ఇవ్వొద్దని అమెరికా ఆక్యుపేషనల్ థెరపీ సంఘమే 2018లో చెప్పింది. పిల్లలందరినీ వరసగా ఊయలెక్కించే చోట, 'మా బాబుకి ఇది ఎందుకు, దీనివల్ల ఏం మారాలి?' అని అడగండి. అడిగే హక్కు మీది, జవాబు చెప్పడం మా బాధ్యత.

బరువు జాకెట్ల వల్ల శ్రద్ధ పెరుగుతుందనడానికి గట్టి ఆధారాలు లేవు. మే నెల ఎండల్లో వాటిని వేసుకుని కూర్చోవడం ఎంత ఉక్కగా ఉంటుందో ఆలోచించండి. పసిపిల్లలకి బరువు దుప్పట్లు ఎట్టి పరిస్థితుల్లోనూ కప్పకండి.

ఎడమచేతి వాటం మాన్పించడానికి గ్రిప్ అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. వాటం లోపం కాదు, మార్చొద్దు. తినడం కుడిచేత్తో నేర్పుకుంటే నేర్పుకోండి, రాత మాత్రం వదిలేయండి. కాగితాన్ని కాస్త ఎడమవైపు పెట్టి, పైభాగం కుడివైపు వంగేలా తిప్పి, పెన్సిల్‌ని కొద్దిగా పైన పట్టుకోమంటే రాస్తున్నది కంటికి కనిపిస్తుంది, మణికట్టు మెలి తిరగదు.

అపోహ: రాత బాలేదంటే బద్ధకమే

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇది. బడి వయసు పిల్లల్లో 5 నుంచి 6 శాతం మందికి కదలికల సమన్వయ లోపం ఉంటుంది. తెలివితేటలు బాగానే ఉంటాయి. కానీ బొత్తాలు పెట్టుకోవడం, బంతి పట్టడం, లేసులు కట్టుకోవడం, రాయడం అన్నీ వేరే పిల్లల కంటే చాలా కష్టపడి చేస్తారు. సాయంత్రానికి అలసిపోతారు. అప్పుడు 'శ్రద్ధ లేదు' అని ఇంకో నాలుగు పేజీలు రాయిస్తారు. ఈ పిల్లలకి ఏ పని రావడం లేదో ఆ పనినే విడగొట్టి, 'నువ్వేం ప్లాన్ వేశావు, అది కుదిరిందా?' అని వాళ్ల చేతే ఆలోచింపజేస్తూ నేర్పే పద్ధతులు బాగా పనిచేస్తున్నాయి. చాలా ప్రయత్నించినా రాత వేగం అందకపోతే కంప్యూటర్ మీద టైప్ చేయనివ్వాలి. 'అలా చేస్తే ఇక రాయడు' అని భయపడొద్దు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి సీబీఎస్‌ఈ పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్ (పిల్లలు చెబుతుంటే రాసిపెట్టే మనిషి), కంప్యూటర్ వాడే వీలు ఉన్నాయి. దానికి సర్టిఫికెట్ కావాలి కాబట్టి పదో తరగతి దాకా ఆగకండి.

అనుమానం ఉంటే ప్రైవేటు సెంటర్‌కే వెళ్లాలని లేదు. జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల ఎదుగుదల ఇబ్బందుల్ని ముందే గుర్తించి సాయం చేసే డీఈఐసీ కేంద్రాల్లో, మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల్లో అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. ఎక్కడికి వెళ్లినా కొత్త గ్రిప్‌లు కొని తీసుకెళ్లాల్సిన పనిలేదు. పిల్లాడు రోజూ వాడే పెన్సిల్, బడిలో హడావుడిగా రాసిన రఫ్ నోట్‌బుక్, కిందటేడాది నోట్‌బుక్ ఉంటే అది కూడా తీసుకెళ్లండి. ఇంట్లో కూర్చోబెట్టి నిదానంగా రాయించిన ఫెయిర్ కాపీ చూపిస్తే మాకు అసలు ఇబ్బంది కనిపించదు.