గ్రెనడా బీచ్ రెస్టారెంట్లో భోజనం: మనవాళ్ళ అపోహలు, కిచెన్‌లో కనపడే వాస్తవాలు

మాది భీమిలి దగ్గర. ఎనిమిదేళ్ళ నుంచి కరీబియన్‌లో గ్రెనడా అనే చిన్న దీవిలో, గ్రాండ్ ఆన్స్ బీచ్ ఒడ్డున ఒక రెస్టారెంట్ కిచెన్‌లో చేస్తున్నా. ఇక్కడ సెయింట్ జార్జెస్ యూనివర్సిటీలో మెడిసిన్ చదివే మన పిల్లలు ఉంటారు, వాళ్ళకి డాక్టర్ కోటు తొడిగే వైట్ కోట్ ఫంక్షన్‌కి జనవరిలోనో ఆగస్టులోనో అమ్మానాన్నలు వస్తారు, వచ్చాక ఒక్క పూటైనా సముద్రం పక్కన కూర్చుని తినాలని ఆశపడతారు. తెలుగు వినపడగానే సర్వర్ అమ్మాయి నన్ను బయటకి పిలుస్తుంది. ఆ టేబుళ్ళ దగ్గర మళ్ళీ మళ్ళీ విన్నవే ఇక్కడ రాస్తున్నా.

అపోహ: సముద్రం ఎదురుగానే ఉంది కదా, ప్లేట్లో పెట్టిందంతా పొద్దున పట్టిందే.

వాస్తవం: అన్నీ కాదండీ. సాల్మన్ చల్లటి నీళ్ళ చేప, ఈ సముద్రంలో ఉండదు, మెనూలో సాల్మన్ ఉందంటే అది ఫ్రీజర్‌లో వచ్చిందే. మా దగ్గర రొయ్యలూ అంతే, బాక్సుల్లో గడ్డకట్టి వస్తాయి. రొయ్యలు తినాలంటే భీమవరంలో ఇంతకంటే తాజావి దొరుకుతాయి, అంత దూరం నుంచి వచ్చి ఇక్కడ అవి ఆర్డర్ చేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. ఇక్కడ తినాల్సింది మాహి మాహి, రెడ్ స్నాపర్, ట్యూనా. దీవికి పడమటి ఒడ్డున గ్వావ్ అనే జాలర్ల ఊరుంది, లాంగ్‌లైన్, అంటే వరసగా గాలాలు కట్టిన పొడవాటి తాడు, అది వేసే పడవలు అక్కడ ఎక్కువ, మన వైపు సూర అంటామే ఆ జాతిలో ఎల్లోఫిన్ ట్యూనా అక్కడికి దిగుతుంది. అందులో బాగా మంచివి ఫ్లైట్ ఎక్కి అమెరికా పోతాయి, మిగిలినవాటికి మేం రెస్టారెంట్ల వాళ్ళం పోటీ పడతాం. సముద్రం అల్లకల్లోలంగా ఉన్న రోజు పడవలే కదలవు, ఆ రోజు ఎవరి దగ్గరైనా నిన్నటిదో ఫ్రీజర్‌దో ఉంటుంది.

చేప రాగానే నేను చేసే మొదటి పని మొప్పలు ఎత్తి చూడటం. లోపల ఎర్రగా ఉండాలి, కన్ను ఉబ్బి తేటగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోకూడదు, ముక్కు దగ్గర పెట్టుకుంటే సముద్రం వాసన రావాలి తప్ప నీచు వాసన కాదు. ఇదంతా భీమిలిలో మా అమ్మ బుట్ట ముందు కూర్చుని చేసేదే. మీరు కిచెన్‌లోకి రాలేరు కాబట్టి మెనూ తెరిచే ముందు "ఇవాళ ఏ చేప వచ్చింది" అని ఒక్క మాట అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు, మాకు సంతోషం కూడా.

అపోహ: కరీబియన్ అంటే ఏడాది పొడుగునా లాబ్‌స్టర్.

వాస్తవం: గ్రెనడాలో మే 1 నుంచి ఆగస్టు 31 వరకు లాబ్‌స్టర్ పట్టకూడదు, అది గుడ్లు పెట్టే కాలం. ఆగస్టులో వచ్చినవాళ్ళు ఇది విని డీలా పడతారు. ఆ నెలల్లో ఎవరైనా తాజా లాబ్‌స్టర్ అని పెడితే దయచేసి తినకండి, సెప్టెంబర్‌లో దాని మీద బతికే జాలరి నోటి దగ్గర కూడు అది.

అపోహ: వెజిటేరియన్లకి ఇక్కడ సలాడ్ తప్ప దిక్కులేదు.

వాస్తవం: ఇది సగం తప్పు, ఆ మిగతా సగం జాగ్రత్తగా చూసుకోవాల్సింది. కలలూ అని ఆకుపచ్చ సూప్ ఉంటుంది, అది మన చేమాకే. సరిగ్గా ఉడకకపోతే గొంతు దురద పెట్టేది కూడా మన దగ్గరలాగే, అందుకే కొబ్బరిపాలు పోసి మెత్తగా అయ్యేదాకా ఉడికిస్తాం. సీమపనస కాల్చింది ఉంటుంది, అరటికాయ వేపుడు ఉంటుంది, శనగల కూర చుట్టిన రోటీ ఉంటుంది. ఆ రోటీ 1857 నుంచి ఓడల్లో ఇక్కడి చెరుకు తోటలకి కూలికి వచ్చిన మన దేశపు వాళ్ళ నుంచి మిగిలింది. కానీ కలలూలో ఒక్కోసారి పీత పడుతుంది. ఆయిల్ డౌన్ అని ఈ దేశపు జాతీయ వంటకం, చూడ్డానికి సీమపనస, చేమాకు, కొబ్బరిపాల పులుసులా ఉంటుంది, అడుగున మాత్రం ఉప్పులో ఊరేసిన పంది తోక ఉండొచ్చు. "నో మీట్" అంటే సరిపోదు, కొంతమందికి ఉప్పుచేప, పంది తోక రుచి కోసం వేసేవే గానీ మాంసం లెక్కలోకి రావు. ఒక్కోటీ పేరు పెట్టి అడగండి. ఇటల్ అని కనపడితే అది రాస్తాఫారీ మతం వాళ్ళ వంట, మామూలుగా మాంసం ఉండదు.

ఇంకోటి, మెనూలో సాఫ్రాన్ రైస్ అని చూసి కుంకుమపువ్వు అనుకుంటారు. ఇక్కడ సాఫ్రాన్ అంటే పసుపు!

అపోహ: సర్వీస్ లేటు, మనల్ని పట్టించుకోవట్లేదు.

వాస్తవం: గ్రిల్ ఒక్కటే, దాని మీద ఇద్దరం, చేప ఆర్డర్ వచ్చాకే నిప్పు మీదకి వెళ్తుంది, నలభై నిమిషాలు పట్టడం మామూలే. అంతకంటే ముఖ్యమైంది ఇంకోటుంది. ఇక్కడ షాపైనా బస్సైనా ముందు "గుడ్ ఆఫ్టర్‌నూన్" అనాలి, తర్వాతే పని. కూర్చోగానే చెయ్యి ఊపి మెనూ అని అరిస్తే అది మొరటుతనం కింద లెక్క. మనవాళ్ళు కావాలని చెయ్యరు, మనకి హోటల్లో "బాబూ, వాటర్" అలవాటు, నాకు తెలుసు, కానీ ఆ అమ్మాయికి తెలీదు కదా. నవ్వుతూ పలకరించిన పెద్దావిడకి ఆవిడ అడగకుండానే ఆ అమ్మాయి నీడలో టేబుల్ మార్చి ఇవ్వడం ఎన్నోసార్లు చూశా.

అపోహ: రమ్ పంచ్ అంటే జ్యూసే.

వాస్తవం: నిమ్మరసం ఒక పాలు, పంచదార పాకం రెండు, రమ్ మూడు, నీళ్ళో జ్యూసో నాలుగు, ఇది పాత లెక్క. పైన జాజికాయ తురుముతాం, ఆ ఘుమఘుమకి మందు ఘాటు తెలీదు. ఇక్కడ 1785 నాటి రివర్ ఆంటోయిన్ అనే డిస్టిలరీ ఉంది, నీటి చక్రంతో ఇప్పటికీ చెరుకు ఆడతారు, వాళ్ళ రమ్‌లో ఆల్కహాల్ 75 శాతం. 70 దాటితే విమానంలో ఎక్కించనివ్వరని పట్టుకెళ్ళేవాళ్ళ కోసం 69 శాతంది వేరుగా చేస్తారు. ఎండలో ఖాళీ కడుపుతో వద్దు.

మసాలా పట్టించి నిప్పుల మీద కాల్చే జెర్క్ చికెన్ అడిగేవాళ్ళకి ఒక్క మాటే, అది జమైకాది, జమైకా ఇక్కడికి 1500 కిలోమీటర్ల పైనే దూరం. ఇక్కడ గ్రీన్ సీజనింగ్, అంటే ఉల్లికాడల్లాంటి చైవ్స్, థైమ్, వెల్లుల్లి, మిరపకాయ కలిపి నూరిన ముద్ద, అది పట్టించిన కోడి తినండి. ఆ మిరప స్కాచ్ బోనెట్, గుంటూరు వాళ్ళైనా సాస్ ముందు చుక్క వేసుకుని చూడండి.

అపోహ: మెనూలో డాలర్ అంటే అమెరికా డాలర్.

వాస్తవం: చాలాచోట్ల అది ఇక్కడి డబ్బు, ఈస్ట్ కరీబియన్ డాలర్. ఒక అమెరికా డాలర్‌కి 2.70, 1976 నుంచి అదే రేటు. 90 అని చూసి లేచి వెళ్ళిపోబోయిన కుటుంబాన్ని ఆపి చెప్పా, అది 33 అమెరికా డాలర్ల చిల్లరే అని. బిల్లులో 10 శాతం సర్వీస్ ఛార్జ్ వేశారేమో చూసుకుని ఆ తర్వాతే టిప్ గురించి ఆలోచించండి. అమెరికా నోటు ఇచ్చినా తీసుకుంటాం, చిల్లర మాత్రం ఈస్ట్ కరీబియన్‌లోనే వస్తుంది.